ఒక మెట్టు కింద

ఆ వేసవిలో నేను సూర్యుణ్ణి కూడా నమ్మలేదు. జూన్ సగంలో ఎక్కడినుంచో పొడి పొగ వచ్చి మా లోయ మీద కూర్చుంది. తడి లేదు, వాన లేదు, గంధకం కాల్చినట్టు వాసన. మిట్టమధ్యాహ్నం సూర్యుడు రాగి చెంబు అడుగులా ఎర్రగా ఉండేవాడు, కళ్ళు చికిలించకుండా చూడొచ్చు. మా ఊరు హల్లైన్‌లో పుట్టినవాళ్ళకి ఉప్పు కాచే పొగ కొత్తేమీ కాదు. కానీ ఇది ఆ పొగ కాదని ముక్కున్న ప్రతివాడికీ తెలుసు. ఎందుకొచ్చిందో మాత్రం ఎవరికీ తెలియదు. తెలియనప్పుడు మనుషులు ఏం చేస్తారు, పక్కవాడి వంక చూస్తారు. నేను మా మేడగదిలో అద్దెకున్న ఎగీడి వంక చూశాను.

అప్పటికి నాకు ముప్పై రెండేళ్ళు. పెళ్ళి కాలేదు, కాలేదని పెద్దగా ఏడ్చిందీ లేదు. మా అన్నయ్య కొలొమన్ చర్చిలో ఆర్గన్ వాయించేవాడు, మిగతా రోజుల్లో పిల్లలకి బడి చెప్పేవాడు. అమ్మ పోయాక ఇల్లు నాది, వంట నాది, అన్నయ్య రాసిన సంగీతానికి సాపు ప్రతులు ఎత్తే పనీ నాదే. అయిదు మొనల కలంతో ఒక్క లాగుడుతో అయిదు గీతలు వంకర లేకుండా లాగడం మా ఊళ్ళో నాకు తప్ప ఎవరికీ రాదు. తప్పు పడితే చిన్న చాకుతో గీకి, గీకినచోట అమ్మ వదిలిపోయిన కుక్కకోరతో రుద్ది, దాని మీద మళ్ళీ రాసేదాన్ని. అలా రుద్దితే సిరా పాకదు. వెలుగులోకి వంచి చూస్తే ఆ చోటు కాస్త మెరుస్తుంది, అంతే.

అన్నయ్య రాసేవి సొనాటాలు. పూజలో బైబిల్ లేఖ చదవడం అయ్యాక, సువార్త మొదలుకాక ముందు, ఫాదరు గారు పీఠానికి ఈ పక్కనుంచి ఆ పక్కకి వెళ్ళి సర్దుకునేలోపు వాయించే చిన్న సంగీతం. రెండు వయొలిన్లు, అడుగున ఒక పెద్ద వయొలిన్, వాటితో ఆర్గన్. కోడిగుడ్డు ఉడికేంత సేపు. అంతకు మించితే పెద్ద బిషప్పు గారికి కోపం. ఆ కాస్త సేపు కోసమే మా అన్నయ్య వారమంతా బతికేవాడు. పదిహేనేళ్ళలో తనకి నచ్చినవి ఆరు ఉంచుకుని, తక్కినవి పొయ్యిలో వేశాడు. ఆ వేసవి ఏడోది రాస్తున్నాడు.

మా ఆర్గన్‌తో ఒక చిక్కుంది. దాని శ్రుతి వయొలిన్ల శ్రుతి కన్నా ఒక మెట్టు ఎక్కువ. తాతల నాటి గొట్టాలు, అప్పటి వాళ్ళ చెవులకి కట్టినవి. అందుకని వయొలిన్ కాగితంలో ఏ స్వరం రాస్తామో ఆర్గన్ కాగితంలో దానికి ఒక మెట్టు కింది స్వరం రాయాలి. అప్పుడే వినడానికి రెండూ కలుస్తాయి. మాకిది పాలు కాచడమంత మామూలు పని. ఆర్గన్ కాగితం ఒక మెట్టు కింద లేకపోతే అది మా చర్చి కాగితం కాదు. ఈ ముక్క గుర్తుంచుకోండి, నా కొంప ముంచింది ఇదే.

ఎగీడి ఈస్టర్‌కి వచ్చాడు, నది దిగువన ఉన్న పస్సావు నుంచి తిరిగొచ్చే ఉప్పు పడవలో. మొదటి వయొలిన్ వాయించే ముసలాయన పోతే ఆ చోటుకి. నలభైకి దగ్గర మనిషి, పల్చటి జుట్టు, మెత్తటి మాట. వచ్చిన మొదటి ఆదివారమే నేను చేసిన పిండి ఉండలు బాగున్నాయన్నాడు. అవి రాళ్ళలా ఉన్నాయని నాకు తెలుసు. మా అన్నయ్య పదిహేనేళ్ళుగా వాటిని తింటున్నాడు, ఒక్కసారి బాగున్నాయనలేదు. కాబట్టి ఈ మనిషికి మా ఇంట్లోంచి ఏదో కావాలని ఆ పూటే అనుకున్నాను. ఏమిటో తెలుసుకోవడమే మిగిలింది.

జూన్ చివర్లో ఒక శనివారం చర్చిలో వాయిద్యాల మేడ తుడవడానికి వెళ్ళాను. పూజ జరిగేటప్పుడు ఆడవాళ్ళు ఆ మేడ ఎక్కకూడదు, చీపురు పట్టుకుని మాత్రం ఎప్పుడైనా ఎక్కొచ్చు. మొత్తం పదమూడు మెట్లు. ఏడోది చివికిపోయి, కాలు పెడితే కిందికి జారుతుంది. అలవాటున్నవాళ్ళం దాన్ని దాటేస్తాం. నేను చప్పుడు లేకుండా దాటి పైకి వెళ్ళేసరికి ఎగీడి ఆర్గన్ ముందు మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. చేతిలో దారం. ఆర్గన్ మీద వేళ్ళతో నొక్కే మెట్ల వరసకి ఈ చివర నుంచి ఆ చివరకి దారం పట్టి ముడి వేశాడు. తర్వాత అన్నయ్య కూర్చునే పీట ఎత్తు కొలిచి ఇంకో ముడి వేశాడు. అన్నయ్యకి ఎడమ తుంటి నొప్పి, ఆ పీట కాళ్ళు తనకోసమే కోయించుకున్నాడు.

ఏం కొలుస్తున్నారని అడిగాను. ఉలిక్కిపడి దారం జేబులో కుక్కుకున్నాడు.

"ఈ ఎండలకి ఆర్గన్ సాగిందేమోనని చూస్తున్నానండీ," అన్నాడు.

"సాగితే ఏం చేస్తారు, కత్తిరిస్తారా?"

"మీరు కుట్టిపెడతానంటే."

నవ్వించబోయాడు. నేను నవ్వలేదు. ఇంటికి వచ్చి అన్నయ్యకి చెప్పాను, ఆ మనిషి నీ పీట కొలుచుకుంటున్నాడు, రేపోమాపో దాని మీద కూర్చుంటాడు అని. అన్నయ్య రాస్తున్న కాగితం మీదనుంచి తల ఎత్తలేదు.

"చూసింది చెప్పు వల్లీ. అనుకున్నది చెప్పకు."

నా పేరు వాల్బుర్గా. వల్లీ అని పిలిచేది అన్నయ్య ఒక్కడే. ఆ పిలుపులో ఎప్పుడూ కాస్త విసుగు ఉండేది, ఆ రోజు ఇంకాస్త ఎక్కువగా ఉంది. కానీ రాత్రి భోజనాల దగ్గర అన్నయ్య ఎగీడి చేతుల వంక రెండుసార్లు చూడడం నేను గమనించాను. విత్తనం పడిందని సంతోషించాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

తర్వాత గురువారాలు. బడికి సెలవు కాబట్టి గురువారం మధ్యాహ్నం అన్నయ్య ఇంట్లోనే ఉండి రాసుకునేవాడు. సరిగ్గా అప్పుడే ఎగీడి కోటు కింద కాగితాల చుట్ట పెట్టుకుని బయటికి వెళ్ళేవాడు. పొడిపొగ పట్టిన ఆ ఉక్కలో కోటు. ఎక్కడికండీ అంటే వడ్రంగి దగ్గరికి అనేవాడు. వయొలిన్ వాయించేవాడికి వడ్రంగితో వారం వారం ఏం పని. ఒక గురువారం నేను బుట్ట పట్టుకుని వెనకాలే వెళ్ళాను. వంతెన దాటి నిజంగానే వడ్రంగి ఆంబ్రోస్ కొట్టులోకి వెళ్ళాడు. ఆంబ్రోస్ ఉప్పుకి పీపాలు చేసే ముసలాయన, చెవుడు. ఎదురుగా చేపలమ్మేవాళ్ళ దగ్గర ఒక్క చేప కోసం గంటసేపు బేరం చేస్తూ నిలబడ్డాను. చేపలావిడ నన్ను తిట్టడం మొదలుపెట్టే సమయానికి కొట్టులోంచి ఒక నల్ల అంగీ సన్యాసి బయటికి వచ్చాడు. ఎగీడి గుమ్మం దాకా వచ్చి ఆయన చేతులు రెండూ పట్టుకుని మరీ సాగనంపాడు.

ఆ సన్యాసి ఎవరో బార్ట్ల్ చెప్పాడు. చర్చిలో ఆర్గన్‌కి గాలి ఊదే తిత్తులు తొక్కేది బార్ట్ల్. కాళ్ళకి ఎంత పనో నోటికీ అంత పని. పెరటి గుమ్మంలో నిలబడి మా రొట్టె తింటూ, ఆయనది కొండవతల మఠమని, అక్కడ కొత్త ఆర్గన్ పెట్టారని, పాతది ఊడదీసేశారని, కొత్తదాని శ్రుతి సరిగ్గా వయొలిన్ల శ్రుతేనని, మెట్టు మార్చి రాసుకునే బెడదే లేదని చెప్పుకొచ్చాడు.

"వాయించేవాణ్ణి వెతుక్కుంటున్నారట. వచ్చేవాడు తన సంగీతం తనే తెచ్చుకోవాలట," అని, ఇంకో ముక్క రొట్టె కోసం చెయ్యి చాచాడు.

వెన్న రాసి మరీ ఇచ్చాను.

దుప్పట్లు మార్చడానికి ఎగీడి గదిలోకి వెళ్ళింది ఆ మర్నాడే. వారం మధ్యలో దుప్పట్లు ఎవరూ మార్చరు, నాకూ తెలుసు. పరుపు కింద కాగితాలున్నాయి. అన్నయ్య సొనాటాలు, మొదటిది మొదలు ఆరోదాకా, ఎగీడి చేతిరాతలో. కలం కాస్త కుడికి వాలే రాత. ఆర్గన్ కాగితం పైకి తీసి చూశాను. ఒక మెట్టు కింద లేదు. వయొలిన్లు ఏ మెట్టు మీద ఉన్నాయో ఆర్గనూ అదే మెట్టు మీద ఉంది. ఆరింటికి ఆరూ అంతే. మా చర్చిలో అవి పనికిరావు. వయొలిన్ల శ్రుతి ఉన్న ఆర్గన్ కావాలి. ఆ చుట్టుపక్కల అలాంటిది ఎక్కడుందో బార్ట్ల్ చెప్పనే చెప్పాడు. ఇంక పై అట్ట చూద్దును కదా, 'ఆర్గన్‌కీ తంత్రీ వాద్యాలకీ సొనాటాలు' అని అందంగా రాసి ఉంది. దాని కింద, రాసినవాడి పేరు ఉండాల్సిన చోట, ఖాళీ.

మంచం మీద కూర్చుండిపోయాను. అన్నయ్యకి భార్య లేదు, పిల్లలు లేరు, ఊళ్ళో పేరంటూ లేదు. ఉన్నవి ఈ ఆరు, రాబోయే ఒకటి. వాటి మీద ఇంకొకడి పేరు పడితే మా అన్నయ్య ఈ భూమ్మీద ఉన్నట్టే ఉండదు. ఆ క్షణంలో నాకు ఏడుపు వచ్చింది, అది మాత్రం అబద్ధం కాదు.

అన్నయ్యకి చెప్పి ఉండాల్సింది. చెప్పలేదు. చెబితే పిలిచి అడుగుతాడు, ఎగీడి మెత్తగా ఏదో చెబుతాడు, అన్నయ్య నమ్ముతాడు, నేను మళ్ళీ అనుకున్నది చెప్పేదాన్ని అవుతాను. అలా కాదు, దొంగ దొంగలాగే దొరకాలి అనుకున్నాను.

జూలై ఇరవై అయిదున, యాకోబు గారి పండగ పూజలో, ఏడోది మొదటిసారి వాయించారు. నేను కింద స్తంభం పక్కన కూర్చుని విన్నాను. మధ్యలో ఒక చోట వయొలిన్లు ఒక్కొక్క స్వరం సన్నగా పట్టుకుని ఆగిపోతాయి, ఆర్గన్ ఒక్కటే వాటి మధ్యనుంచి నడిచి వెళ్తుంది. కాగితం మీద నిలువు గీతల మధ్య ఎనిమిది గళ్ళు, అంతే. ఆ ఎనిమిది గళ్ళలో మా అమ్మ వంటింట్లో ఒక్కత్తే పనిచేసుకుంటూ తిరుగుతున్నట్టు ఉంటుంది. అన్నయ్య అలా అనలేదు, నాకు అలా వినిపించింది. పక్కన సువార్త కోసం లేచిన ఉప్పు కూలీలు కూడా ఒక్క నిమిషం దగ్గడం మానేశారు.

వారం తిరక్కుండా ఏడోది కూడా ఆ పరుపు కిందికి చేరింది. మెట్టు మార్చకుండా, అందమైన వాలు రాతలో.

ఆ గురువారం ఎగీడి కొట్టుకి వెళ్ళాడు, ఎందుకో ఆ రోజు కాగితాలు తీసుకెళ్ళలేదు. అన్నయ్య కింద గదిలో కూర్చుని తుంటికి వేడి కాపడం పెట్టుకుంటున్నాడు. నేను చాకు, కుక్కకోర, సిరాబుడ్డి ఒళ్ళో పెట్టుకుని ఎగీడి కిటికీ దగ్గర కూర్చున్నాను. ఏడోదాని ఆర్గన్ కాగితంలో ఆ ఎనిమిది గళ్ళు గీకాను. కోరతో రుద్దాను. రుద్ది, ప్రతి స్వరాన్నీ ఒక మెట్టు కింద రాశాను, మా ఆర్గన్‌కి రాసినట్టు. కలం కుడికి వాల్చి రాశాను. ఆ మఠంలో పెద్దలందరి ముందూ ఈ మనిషి ఇది తన సొంతమని వాయించడం మొదలుపెడతాడు. అన్నీ చక్కగా కలిసి వస్తాయి. అమ్మ నడిచే ఆ చోటికి వచ్చేసరికి వయొలిన్లు ఒకచోట, ఆర్గన్ ఒక మెట్టు కింద. గొడ్డు అరిచినట్టు ఉంటుంది. సొంతంగా రాసినవాడైతే ఆ క్షణంలో సర్దుకుంటాడు, దొంగ సర్దుకోలేడు. నా లెక్క అది. పని అయ్యాక కాగితాన్ని ఎర్రటి ఎండలోకి వంచి చూసుకున్నాను. నా జీవితంలో అంత శుభ్రంగా ఎప్పుడూ గీకలేదు.

ఆగస్టు పదిహేనున, మాత పండగనాడు, ఫాదరు గారు ప్రసంగం అయ్యాక ఒక కాగితం తీసి చదివారు. పెద్ద బిషప్పు గారి ఆజ్ఞ. ఇకమీదట లేఖకీ సువార్తకీ మధ్య వాయిద్యాల సంగీతం ఉండదు, దాని బదులు పాట పాడాలి. సెప్టెంబరు మొదటి తారీఖు నుంచి మేడ మీద వయొలిన్లతో పని లేదు. చదివి, కాగితం మడిచి, పూజ కొనసాగించారు. జనం పెద్దగా పట్టించుకోలేదు. నేను వెనక్కి తిరిగి మేడ వైపు చూశాను. కింద నుంచి అన్నయ్య వీపు మాత్రమే కనిపిస్తుంది. అది కదల్లేదు.

ఆ సాయంత్రం అన్నయ్య మేడ మీది పెట్టె తెరిచి ఏడు కట్టలూ చంకలో పెట్టుకుని ఇంటికి తెచ్చాడు. నేను ఉండలకి నీళ్ళు పొయ్యి మీద పెట్టాను. ఒక్కొక్క కాగితమే పొయ్యిలో పెట్టడం మొదలుపెట్టాడు, పుల్లలు పెట్టినట్టు తీరుబడిగా. చెయ్యి పట్టుకున్నాను. వద్దు అన్నయ్యా, దాచుకుందాం అని బతిమాలాను.

"వాయించడానికి చోటు లేనిదానికి కాగితం ఎందుకు," అన్నాడు.

నేను గీతలు లాగిన కాగితాలు, నేను ఎత్తిన ప్రతులు. ఎగీడి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. అడ్డుకోలేదు. కట్టలన్నీ అయిపోయేదాకా ఉండి పైకి వెళ్ళిపోయాడు. ఇంక లోకంలో మిగిలింది నీ ప్రతే కదా, అందుకే అంత నిమ్మళంగా ఉన్నావు అనుకున్నాను. ఆ పూట మేము తిన్న ఉండలు సొనాటాల మంట మీద ఉడికినవే. ఎగీడి కిందికి తినడానికి రాలేదు.

నెలాఖరు దాకా ఎవరూ ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. వయొలిన్లకి పని లేదు కాబట్టి ఎగీడి నది దిగువకి వెళ్ళే పడవలో పస్సావు వెళ్ళిపోతానన్నాడు. మఠానికి కాదా అని నోటిదాకా వచ్చింది, ఆపుకున్నాను. పొద్దున్నే వయొలిన్ పెట్టె, చిన్న మూట పట్టుకుని దిగాడు. అన్నయ్య చెయ్యి కలిపి, దేవుడు తోడుండాలి అని మాత్రం అన్నాడు. నేను వీధి గుమ్మం దాకా వెళ్ళాను, వెళ్ళాడని కళ్ళారా చూడడానికి. మూటలో కాగితాలు ఎక్కడున్నాయా అని కళ్ళతో వెతుకుతున్నాను. అతను ఆగి, నా మొహంలోకి చూశాడు. ఆ చూపులో నవ్వు లేదు.

"ఏడోదాని దగ్గర ఒక మెట్టు కిందికి జారుతుందండీ. అన్నయ్యగారిని చూసుకోమనండి, పడిపోతారు," అన్నాడు.

"అది చివికిపోయి ఎన్నో ఏళ్ళయింది. మాకు తెలియనిది కాదు," అన్నాను.

"తెలుసు, మీకు తెలుసు," అని వెళ్ళిపోయాడు.

పోతూ పోతూ కూడా మేడమెట్ల గురించి నీతులు చెబుతున్నాడేమిటని విసుక్కున్నాను.

సెప్టెంబరులో పొగ విడిపోయింది. సూర్యుడు మామూలుగా పసుపుపచ్చగా వచ్చాడు. చర్చిలో జనం పాట పాడారు, బాగానే పాడారు. అన్నయ్య వాళ్ళకి శ్రుతి ఇచ్చి, మిగతా సేపు చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చునేవాడు. ఇంటికి వచ్చాక రాసే బల్ల దగ్గరికి వెళ్ళేవాడు కాదు. అయిదు మొనల కలం ఎండిపోయింది. నాతో కోపంగా ఉన్నా బాగుండేది, అసలు ఏమీ లేకుండా ఉండేవాడు. ఉప్పు ఎక్కువేసినా తినేవాడు. ఇలాగే ఇంకో రెండేళ్ళు గడిస్తే ఈ మనిషి మిగలడని భయం వేసింది.

సెప్టెంబరు చివర మిఖాయేలు పండగ వెళ్ళిన మొదటి గురువారం మా గుమ్మం ముందు బండి ఆగింది. చెవిటి ఆంబ్రోస్, అతని అల్లుడు కలిసి బట్టల పెట్టెంత వస్తువు దించారు. మీద గోనె కప్పి ఉంది. గోనె తీస్తే ఆర్గన్. చిన్నది, ఇంట్లో గోడవార పట్టేంతది. మెట్ల వరస అన్నయ్య చేతులకి అలవాటైన వెడల్పే. ఒక పీట కూడా ఉంది, దాని ఎత్తు ఎవరికోసమో అడగక్కర్లేదు. ఆంబ్రోస్ పీపాలు చేయక ముందు పదేళ్ళు ఆర్గన్లు చేసేవాడి దగ్గర పనిచేశాడట. గొట్టాలు మఠం వాళ్ళు ఊడదీసిన పాత ఆర్గన్‌వి, ఆ సన్యాసి ఊరికే ఇచ్చాడట. తోలు అంటించడం, చెక్క నున్న చేయడం అంతా ప్రతి గురువారం ఎగీడి వచ్చి చేశాడని ఆంబ్రోస్ చెవిటివాళ్ళు చెప్పినట్టు వీధంతా వినిపించేలా చెప్పాడు.

లోపల ఒక కట్ట, పైన ఉత్తరం. అన్నయ్య నిలబడే చదివాడు, పైకి.

"కొలొమన్ గారికి. ఈ ఆజ్ఞ వస్తుందని సాల్జ్‌బర్గ్‌లో పెద్ద బిషప్పు గారి దగ్గర గుమాస్తాగా ఉన్న మా పిన్ని కొడుకు ఈస్టర్‌కే చెప్పాడు. మీకు చెబితే ఏడోది రాసేవారు కాదు, అందుకని చెప్పలేదు. ఈ పెట్టె వయొలిన్ల శ్రుతికే కట్టింది, కాబట్టి కాగితాల్లో మెట్టు మార్చలేదు. చర్చిలో వద్దన్నారు గానీ ఇంట్లో వద్దని ఎవరూ అనలేదు కదా. పేరు మీ చేత్తోనే రాసుకోవాలని ఆ చోటు వదిలేశాను. వాల్బుర్గా గారి కళ్ళు కప్పడం ఆర్గన్ చేయించడం కన్నా కష్టమైంది."

చదవడం అయ్యాక అన్నయ్య ఉత్తరం మడిచి పక్కన పెట్టాడు. తర్వాత పై అట్ట మీద ఖాళీ చోటుని వేలితో తడిమాడు. నెలన్నర తర్వాత మా అన్నయ్య మొహంలోకి రక్తం రావడం చూశాను. నేను తలుపు చెక్క పట్టుకుని నిలబడ్డాను.

అన్నయ్య బార్ట్ల్‌ని పంపి, చర్చిలో వయొలిన్ పట్టే, రొట్టెలు కాల్చే ఫైట్‌నీ, అతని తమ్ముణ్ణీ, పెద్ద వయొలిన్ వాయించే ఉప్పు గుమాస్తానీ అప్పటికప్పుడు పిలిపించాడు. ఎగీడి వాయించే మొదటి వయొలిన్ కాగితం ఫైట్ ముందు పెట్టారు. బార్ట్ల్ కొత్త తిత్తి మీద కాలు పెట్టి, ఇది ఒంటికాలి పనే, రెండో కాలికి సెలవు అన్నాడు. అందరూ నవ్వారు. నేను కట్ట వంక చూస్తున్నాను. ఒక్క గంట దొరికితే చాలు, ఎనిమిది గళ్ళు గీకి సరిచేసేస్తాను.

"అన్నయ్యా, ముందు మొదటిది వాయించండి. ఏడోది రేపు," అన్నాను.

"ఏడోదే ముందు," అన్నాడు.

అప్పుడే చెప్పేయాల్సింది. నోరు తెరిచాను కూడా. అన్నయ్య మొహంలో ఆ వెలుగు చూసి మూసుకున్నాను. వాయించడం మొదలైంది. మా ఇంటి గోడల మధ్య అది చర్చిలో కన్నా దగ్గరగా, మనిషి పక్కన కూర్చుని మాట్లాడినట్టు వినిపించింది. ఫైట్ చేతులకి ఇంకా పిండి అంటుకునే ఉంది, అయినా బాగా వాయించాడు. గళ్ళు లెక్కపెడుతూ నిలబడ్డాను. వయొలిన్లు సన్నగా పట్టుకుని ఆగాయి. ఆర్గన్ అడుగు వేసింది, ఒక మెట్టు కింద.

ఆ చప్పుడు నేను అనుకున్నట్టే ఉంది. సరిగ్గా నేను కోరుకున్నట్టే ఉంది. ఫైట్ తప్పు తనదనుకుని విల్లు ఎత్తేశాడు. బార్ట్ల్ తిత్తి ఆపేశాడు. అప్పుడు ఎగీడి గుమ్మం దగ్గర అన్న మాట నాకు మళ్ళీ వినిపించింది. ఏడోదాని దగ్గర ఒక మెట్టు కిందికి జారుతుంది. అతను మేడమెట్ల గురించి మాట్లాడలేదు. చూశాడు. కాగితంలో ఆ గీకుడు చూసి, ఎవరు చేశారో తెలుసుకుని, దిద్దకుండా, ఎవరికీ చెప్పకుండా, నాకొక్కదానికే చెప్పి వెళ్ళాడు. నేనే నోరు విప్పి సరిచేస్తానని ఆ కాగితాన్ని అలాగే వదిలేశాడు. నేనేమో మెట్లెక్కడం మాకు తెలియనిది కాదన్నాను.

అన్నయ్య కాగితం తీసి కిటికీ వైపు వంచి పట్టుకున్నాడు. ఎనిమిది గళ్ళూ మెరిశాయి. ఆ మెరుపు అతనికి తెలుసు. అమ్మ కాగితాలు, నా కాగితాలు పక్కపక్కన పెట్టుకుని పెరిగినవాడు.

"వల్లీ, ఇది అమ్మ కోరతో రుద్దింది కదా," అన్నాడు.

అవునన్నాను. ఎందుకని అడగలేదు. అడిగితే చెప్పడానికి అంతా సిద్ధంగా ఉంది, పీట, దారం, సన్యాసి, పరుపు, అన్నీ. అడగలేదు. కాగితం మళ్ళీ ముందు పెట్టుకుని, "మొదటినుంచి," అన్నాడు వాళ్ళతో. ఆ చోటు వచ్చేసరికి కాగితంలో ఒక మెట్టు కింద ఉన్నదాన్ని కళ్ళతో చూస్తూ, చేతులతో ఒక మెట్టు పైన వాయించాడు. ఏ ఆర్గన్ వాయించేవాడికైనా అది పెద్ద కష్టం కాదు. అమ్మ వంటింట్లో నడిచి వెళ్ళింది.

వాళ్ళు వెళ్ళాక చాకు, కోర తీసుకుని వచ్చి, అరగంటలో దిద్దేస్తానన్నాను.

"వద్దు. ముట్టుకోకు," అన్నాడు.

పై అట్ట మీద తన పేరు రాసుకున్నాడు. దాని కింద, ప్రతి ఎత్తినది ఎగీడి అని రాశాడు. ఇంకా కొంచెం చోటు మిగిలింది. అక్కడేమీ రాయలేదు.

పస్సావుకి నేను రెండు ఉత్తరాలు రాశాను, చూసిందీ చేసిందీ మాత్రమే. జవాబు రాలేదు. రాదని తెలిసే రెండోది రాశాను. అన్నయ్య ఆ తర్వాత పదకొండేళ్ళు బతికాడు, ఇంకో నాలుగు రాశాడు. గీతలు నేనే లాగాను, ప్రతులు నేనే ఎత్తాను. గురువారం మధ్యాహ్నాలు మా ఇంట్లో సొనాటాలు వాయించేవారు. ఏడోది మాత్రం ఎప్పుడూ ఆ కాగితం చూసే వాయించేవాడు. ఆ ఎనిమిది గళ్ళ దగ్గరికి వచ్చేసరికి నేను చేస్తున్న పని ఆపేసేదాన్ని. అన్నయ్య నా వైపు చూసేవాడు కాదు. చూడకుండానే ఒక మెట్టు పైకి ఎక్కేవాడు.